మేం మొదలుపెట్టిన ఇటుక

మొదటి మూడు నెలలు నోరు విప్పవద్దని మా ఫ్రాటర్నిటీకి (అమెరికా కళాశాలల్లో కుర్రాళ్ల సంఘం) సలహాలిచ్చే బోర్డు అధ్యక్షుడు ముందే హెచ్చరించాడు. డెబ్బై దాటిన మనిషి, సగం జీవితం ఈ పనిలోనే గడిపాడు, సరేనన్నాను. 2017 సెప్టెంబరులో ఒక ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు, ఒకప్పుడు నేను రెండేళ్లు నివసించిన ఇంట్లోనే, వంటగది తలుపు పక్కన మూల కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా 38 మంది కుర్రాళ్లు. సమావేశం రాబర్ట్స్ రూల్స్ ప్రకారం నడుస్తోంది. 1876లో ఒక అమెరికా సైనికాధికారి రాసిన సభా నియమాల పుస్తకం అది. ప్రతిపాదించాలి, బలపరచాలి, చర్చించాలి, ఓటు వేయాలి. ఆ పద్ధతి తప్పకుండా వాళ్లు టీషర్టు రంగు గురించి నలభై నిమిషాలు చర్చించారు. తరువాత ట్రెజరర్ లేచి, పదకొండు మంది సభ్యుల నుంచి 7,400 డాలర్ల బాకీ రావాలని చదివి కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. తరువాతి అంశం అన్నారు.

నేను ఉండబట్టలేకపోయాను. "ఆ ఏడు వేల సంగతి ఏం చేస్తారు?" అని అడిగేశాను. 38 తలలు నావైపు తిరిగాయి. బోర్డు అధ్యక్షుడు పైకప్పు వైపు చూస్తూ నిట్టూర్చాడు. మూడు నెలల మౌనవ్రతం గంటలోపే ముగిసింది.

మనవాళ్లకు ఫ్రాటర్నిటీ అంటే ఏమిటో చెప్పడం నాకు ఎప్పుడూ కష్టమే. పదకొండేళ్ల వయసులో తెనాలి నుంచి హ్యూస్టన్ వచ్చాను. 1998లో టెక్సస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరి, ఆ శరదృతువులోనే ఫ్రాటర్నిటీలో చేరుతున్నానని ఇంటికి ఫోను చేస్తే నాన్న అడిగిన ప్రశ్న: "అది హాస్టలా, సంఘమా, సత్రమా?" మూడూ కొంత కొంత అన్నాను. అమ్మ భయం వేరు. "ప్రమాణాలు చేయిస్తారంటున్నావు, మతం గానీ మారుస్తారేమిటి?" అంది. గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకున్న విద్యార్థి సంఘాలు అమెరికా పుట్టిన ఏడాదే పుట్టాయి. 1776లో విలియం అండ్ మేరీ కళాశాలలో ఫై బీటా కప్పా మొదలైంది. ఇప్పుడు మనం చూసే తరహా ఫ్రాటర్నిటీకి మూలం 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కళాశాలలో వెలసిన కప్పా ఆల్ఫా అంటారు. ఒక్కో సంఘానికి ఒక జాతీయ కార్యాలయం, దాని కింద ఒక్కో విశ్వవిద్యాలయంలో ఒక శాఖ. ఆ శాఖనే చాప్టర్ అంటారు. నేను చేరిన 1998లోనే ఆస్టిన్‌లో దక్షిణాసియా విద్యార్థులు డెల్టా ఎప్సిలాన్ సై అని సొంతంగా ఒకటి పెట్టుకున్నారు. నేను చేరింది మాత్రం పాత సంఘం. గోడ మీద వేలాడే గ్రూపు ఫొటోలలో నా ఇంటిపేరు ఒక్కటే రెండు వరుసల పొడవుంది.

చేరాలంటే ముందు వాళ్లు పిలవాలి. ఆ పిలుపు కాగితాన్ని బిడ్ అంటారు. పుచ్చుకుంటే కొన్ని వారాలు కొత్త సభ్యుడివి. మా కాలంలో ప్లెడ్జ్ అనేవారు, ఆ మాటను ఇప్పుడు చాలా చోట్ల మానేశారు. ఆ వారాల చివర ఒక రహస్య కర్మకాండ, ఆ తరువాత నువ్వు జన్మాంతం సోదరుడివి. ఆ కర్మకాండలో ఏముంటుందో ఇప్పటికీ చెప్పను. మా ఆవిడకే చెప్పలేదు. నిజానికి అందులో భయపడవలసిందేమీ లేదు, కొంచెం పెళ్లి మంత్రాల లాంటిది. అర్థం తెలుసుకుని వింటే మంచి మాటలే. గొడవంతా దానికి ముందు వచ్చే వారాల్లోనే.

నన్ను బోర్డులోకి పిలిచింది నా తెలివితేటలు చూసి కాదు. గంట దూరంలో ఉండి, ఫోను ఎత్తే పూర్వ సభ్యులు ముగ్గురే మిగిలారు. సలహా మండలి అనగానే చాలా మంది ఇంటి యజమానులను ఊహించుకుంటారు. ఆ ఇల్లు మాది కాదు. ఇంటికి హౌస్ కార్పొరేషన్ అని వేరే సంస్థ ఉంటుంది. అందులోనూ పూర్వ విద్యార్థులే ఉంటారు గానీ వాళ్లు అద్దె, పైకప్పు, బీమా, అప్పు చూసుకుంటారు. చాప్టర్ వాళ్లకు కిరాయిదారు. జాతీయ కార్యాలయం చేతిలో చార్టర్, అంటే శాఖ నడుపుకునే అనుమతి పత్రం ఉంటుంది, ఇష్టం లేకపోతే వెనక్కి తీసుకుంటుంది. విశ్వవిద్యాలయం చేతిలో గుర్తింపు ఉంటుంది. మా చేతిలో ఏమీ ఉండదు. మేం ఆజ్ఞాపించలేం, సంతకం పెట్టలేం, ఎవరినీ తీసేయలేం. ఒక్కో పదవిలో ఉన్న కుర్రాడికి ఒక్కో సలహాదారు జోడీగా ఉంటాడు, అంతే. నాకు ట్రెజరర్‌ను అప్పగించారు. లెక్కలు తెలిసినవాడిననుకున్నారు. నేను చమురు పైపుల ఇంజనీరును. భారతీయుడు అంటే లెక్కలు వచ్చి తీరాలని ఆ ముసలాయన నమ్మకం.

ట్రెజరర్ తెలుగు అబ్బాయి కావడం కాకతాళీయమే. వాళ్ల నాన్నగారిది ఖమ్మం, పుట్టింది మాత్రం డాలస్ పక్కన. వాడు సమావేశంలో నన్ను 'బ్రదర్' అని సంబోధిస్తాడు, నియమం అది. బయట కారు దగ్గరికి రాగానే 'అంకుల్' అంటాడు, అదీ నియమమే. వాళ్లమ్మ ఒకసారి ఫోను చేసి, "అన్నయ్యగారూ, మావాడు డబ్బులన్నీ వాడి చేతిలో ఉన్నాయంటున్నాడు, నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అంది. "నాకూ పట్టడం లేదమ్మా" అన్నాను.

నా మొదటి తప్పు వాడి పని నేను చేసేయడం. రెండు రాత్రులు కూర్చుని అందమైన ఎక్సెల్ పట్టిక తయారుచేశాను. ఒక్కో సభ్యుడికి సెమిస్టరుకు 550 డాలర్ల చందా, అందులో జాతీయ కార్యాలయానికి ఎంత, బీమాకు ఎంత, తిండికి ఎంత, రంగురంగుల గళ్లు. పంపాను. "చాలా థాంక్స్ అంకుల్, చాలా బాగుంది" అన్నాడు. నెల తరువాత తెలిసింది, దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. ఆ పట్టిక నాది, వాడిది కాదు. తన పట్టిక వాడి ఫోనులోనే ఉంది, నాలుగు వరుసలు, అందులో ఒకటి తప్పు. ఆ నాలుగు వరుసల దగ్గర కూర్చోవలసింది నేను.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. ప్రతి బుధవారం రాత్రి ఇరవై నిమిషాలు ఫోను. నేను అడిగేవి మూడే ప్రశ్నలు. బ్యాంకులో ఎంత ఉంది? ఎవరు ఎంత ఇవ్వాలి? వాళ్లతో మాట్లాడావా, ఏమన్నారు? మూడో ప్రశ్నకు వాడు మొదట్లో ఏవో సాకులు చెప్పేవాడు. బాకీ ఉన్న పదకొండు మందిలో ఇద్దరు వాడి గదిలోనే ఉంటారు. పక్క మంచం వాడిని డబ్బులడగడం ఇరవై ఏళ్ల కుర్రాడికి ఎంత కష్టమో నేను మరిచిపోయాను. అమెరికా కుర్రాళ్లు మొహమాటం లేనివాళ్లని మనం అనుకుంటాం. స్నేహితుడి దగ్గర డబ్బు మాట వచ్చేసరికి వాళ్లూ మనలాంటివాళ్లే. చివరికి వాడే ఒక ఉపాయం కనిపెట్టాడు. వాయిదాల ఒప్పందం కాగితం మీద రాసి, సంతకం పెట్టినవాళ్లకు ఓటు హక్కు ఉంటుంది, పెట్టనివాళ్లకు ఉండదు అని చాప్టర్ చేతనే తీర్మానం చేయించాడు. నేను చెప్పి ఉంటే ఓడిపోయేది. వాడు చెప్పాడు కాబట్టి 31–5 ఓట్లతో నెగ్గింది. మే నాటికి బాకీ 1,100కు దిగింది.

ఆ పనిలోనే ఇంకో పురుగు బయటపడింది. చాప్టర్ పన్ను లేని సంఘం. పన్నుల శాఖ లెక్కలో సామాజిక క్లబ్బు. ఏడాదికి 50,000 డాలర్ల లోపు ఆదాయం ఉన్న అలాంటి సంఘాలు పెద్ద పత్రాలేమీ పెట్టనక్కరలేదు, ఈ-పోస్టుకార్డు అని పిలిచే చిన్న ఫారం ఒకటి ఆన్‌లైన్‌లో నింపితే చాలు, పది నిమిషాల పని. కానీ మూడేళ్లు వరుసగా మానేస్తే మినహాయింపు దానంతట అదే రద్దవుతుంది. మావాళ్లు రెండేళ్లు మానేశారు. ఏటా ట్రెజరర్ మారతాడు, పాతవాడు పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడు, వెళ్తూ వెళ్తూ ఆ ఫారం సంగతి ఎవరికీ చెప్పడు. చాప్టర్‌కు జ్ఞాపకశక్తి నాలుగేళ్లే. బోర్డు ఉండేది అందుకే అని నాకు ఆ రోజు అనిపించింది. సలహాలు చెప్పేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. నిరుడు ఏం జరిగిందో గుర్తున్నవాళ్లు ఆ ఇంట్లో ఇంకెవరూ ఉండరు.

అయితే జ్ఞాపకాలు మాకూ తప్పుగా ఉంటాయని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

అది 2017. అమెరికా ఫ్రాటర్నిటీల చరిత్రలో చెడ్డ సంవత్సరం. ఫిబ్రవరిలో పెన్ స్టేట్‌లో, సెప్టెంబరులో లూసియానా స్టేట్‌లో, నవంబరు మొదట్లో ఫ్లోరిడా స్టేట్‌లో, మరో పది రోజులకు మా రాష్ట్రంలోనే టెక్సస్ స్టేట్‌లో — నాలుగు విశ్వవిద్యాలయాల్లో నలుగురు కొత్త కుర్రాళ్లు తాగించిన మద్యానికి బలయ్యారు. టెక్సస్ స్టేట్ తన ఫ్రాటర్నిటీలు, సొరోరిటీల (అమ్మాయిల సంఘాల) కార్యకలాపాలన్నీ ఆపేసింది. ఆ వారమే మా బోర్డు అత్యవసరంగా కూర్చుని చాప్టర్ ప్రెసిడెంటును పిలిచింది. కొత్త సభ్యుల చివరి వారంలో ఏం చేస్తారో చెప్పమని అడిగాం.

మంచి కుర్రాడు. దాచలేదు. దాచవలసిందని అనుకోలేదు కూడా. మద్యం ముట్టనివ్వం అన్నాడు, అది నిజమేనని తరువాత తేలింది. "ఇటుక ఒక్కటే" అన్నాడు. ప్రతి కొత్త సభ్యుడికి ఒక ఇటుక ఇస్తారు. వారం రోజులు తరగతికి, భోజనానికి, పడకకు దాన్ని మోసుకుపోవాలి. ఎవరైనా సోదరుడు అడిగినప్పుడు చేతిలో లేకపోతే, ఆ రాత్రి నేలమాళిగలో చేతులు చాచి ఇటుక పట్టుకుని నిలబడాలి. ఎంతసేపు అని మా బోర్డులోని లాయరు అడిగాడు. "తెల్లవారేదాకా కాదు" అన్నాడు. అంటే తెల్లవారుజాము దాకా అన్నమాట. నిరుడు ఒకడు స్పృహ తప్పి పడ్డాడు, నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలో మెట్ల మీద జారాడని చెప్పారు.

"ఇది స్థాపకుల కాలం నుంచి ఉన్న సంప్రదాయం" అని ఆ కుర్రాడు ముగించాడు. గొంతులో గర్వం ఉంది.

నాకు చెవులు వేడెక్కాయి. ఎందుకంటే ఆ సంప్రదాయం వయసు నాకు తెలుసు. 1999 వసంతకాలంలో ఆ ఇంటి పాత పొగగొట్టం మరమ్మతు చేస్తుంటే ఇటుకలు కింద పడ్డాయి. నేనూ, నా గదిలో ఉండేవాడూ ఒక ఇటుక మీద మార్కరుతో ఒక కొత్త కుర్రాడి పేరు రాసి, "నీ బిడ్డను జాగ్రత్తగా చూసుకో" అని చేతిలో పెట్టాం. వాడు దానికి టోపీ పెట్టి, తరగతికి తీసుకెళ్లి, పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. కడుపుబ్బా నవ్వాం. మరుసటి ఏడు అందరికీ ఇచ్చాం. ఆ పై ఏడు, ఇటుక మరిచినవాడిచేత గిన్నెలు కడిగించాం. అక్కడికి నేను పట్టా పుచ్చుకుని వెళ్లిపోయాను. తరువాత ఎవరు నేలమాళిగ చేర్చారో, ఎవరు చేతులు చాపించారో నాకు తెలియదు. పదహారేళ్లలో జోకు శిక్ష అయింది, శిక్ష సంప్రదాయం అయింది, సంప్రదాయానికి స్థాపకులు దొరికారు.

చెప్పాలా వద్దా అని కొంచెం సేపు తన్నుకున్నాను. అలా తన్నుకున్నానని రాయడానికి ఇప్పటికీ సిగ్గే. చెప్పాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ కుర్రాడు నావైపు చూసిన చూపులో కోపం లేదు, మోసపోయినవాడి తెల్లబోయిన చూపు అది. "మీరా?" అన్నాడు. అంతే.

ఈ కథ విజయవాడలో మా బావమరిదికి చెబితే, "అది ర్యాగింగే కదా, ఇక్కడ 1997లోనే చట్టం తెచ్చారు" అన్నాడు. నిజమే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం ఆ ఏడాదిదే. కానీ తేడా ఒకటుంది. ర్యాగింగు కాలేజీలో అడుగుపెట్టిన ప్రతివాడి మీదా పడుతుంది. సంఘంలో చేర్చుకునేటప్పుడు పెట్టే ఈ హింసను ఇక్కడ హేజింగ్ అంటారు. అది అడిగి చేరుతున్నవాడి మీద, చేరడానికి రుసుములా పడుతుంది. అందుకే అందులో బలవంతం కనబడదు. "వాడే ఒప్పుకున్నాడు కదా" అనే మాట మొదటి నిమిషంలోనే వస్తుంది. మా లాయరు ఆ రాత్రే టెక్సస్ చట్టం తెరిచి చదివాడు: బాధితుడు ఒప్పుకున్నాడనడం సమర్థన కాదు. ఇంకా కిందికి వెళ్తే, హేజింగ్ జరిగిందని స్వయంగా తెలిసీ ఫిర్యాదు చేయకపోవడం కూడా నేరమే. బల్ల చుట్టూ కూర్చున్న ఆరుగురం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం.

నిజానికి అక్కడ తర్జనభర్జన పడవలసిందేమీ లేదు. అయినా రెండు గంటలు పట్టింది. ఒకాయన ఇంట్లోనే సర్దుబాటు చేసుకుందామన్నాడు. ఇంకొకాయన సెమిస్టరు చివరిదాకా ఆగుదామన్నాడు. చివరికి తేల్చింది బోర్డు అధ్యక్షుడు. "మనం చెబితే చాప్టర్ బతకవచ్చు, బతకకపోవచ్చు. వేరేవాళ్లు చెబితే బతకదు" అన్నాడు. ఆ లెక్క నాకు అంతగా నచ్చలేదు. చాప్టర్ బతకడం కోసం కాకపోయినా చెప్పవలసిందే కదా అనిపించింది. కానీ ఓటు పడింది, అది చాలు. అయితే ఒక మెలిక పెట్టాం. ఉత్తరం మేం రాయం, చాప్టర్ ప్రెసిడెంటు రాయాలి. మేం పక్కన కూర్చుంటాం. వాడు రాత్రి ఒంటిగంట దాకా రాశాడు. నాలుగు సార్లు కొట్టేశాడు. ఐదోసారి రాసినదానిలో ఇటుక కథ మొత్తం ఉంది, కుట్ల సంగతీ ఉంది, 1999 సంగతీ ఉంది. నా పేరు రాయాలా అని అడిగాడు. రాయమన్నాను.

జాతీయ కార్యాలయం నుంచి ఇద్దరు వచ్చి ఒక్కో సభ్యుడినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు. మెంబర్‌షిప్ రివ్యూ అంటారు దాన్ని. తొమ్మిది మందిని తీసేశారు. విశ్వవిద్యాలయం రెండు సెమిస్టర్ల ప్రొబేషన్ వేసింది, వసంతకాలంలో కొత్త సభ్యులను తీసుకోవద్దంది. 38 మంది 29 మంది అయ్యారు. మా తెలుగు ట్రెజరర్ మళ్లీ మొదటికి వచ్చాడు: ఖర్చు అదే, చందాలు తక్కువ.

అన్నిటికన్నా పెద్ద గొడవ పూర్వ విద్యార్థుల నుంచి వచ్చింది. అప్పటిదాకా ఫోను ఎత్తనివాళ్లంతా ఒక్కసారిగా ఎత్తారు. "మేం పడలేదా? చచ్చామా?" అన్నది ఒక్కటే పల్లవి. ఒకప్పటి కోడలు అత్తగారయ్యాక ఎలా మాట్లాడుతుందో అచ్చం అలాగే. తను పడ్డ కష్టానికి అర్థం ఉండాలంటే ఇంకొకరు కూడా పడాలి. వాళ్లను నేను తప్పుపట్టలేను, నా వాటా నాకుంది. కానీ ఒక సంగతి గమనించాను. అంతగా అరిచినవాళ్లలో ఒక్కరు కూడా ఆ ఏడాది ఆదివారం సమావేశానికి వచ్చి కూర్చోలేదు. సంప్రదాయం మీద ప్రేమ దూరాన్ని బట్టి పెరుగుతుంది కాబోలు.

తరువాత బోర్డును మార్చుకున్నాం. పాత సోదరులే ఉంటే ఒకరి వెనక ఒకరు నవ్వుకుంటూ తప్పులు దాటేస్తామని తెలిసొచ్చింది. లాయరు ఉన్నాడు, ఒక అకౌంటెంటును చేర్చాం. మా ఫ్రాటర్నిటీతో ఏ సంబంధమూ లేని ఒక రిటైరైన నర్సమ్మను బతిమాలి తెచ్చాం. ఆమె రాకతో గది గాలే మారింది. కుర్రాళ్లు కొత్త సభ్యుల కార్యక్రమాల పట్టిక తెస్తే, ఒక్కో పంక్తి దగ్గర ఆగి రెండే ప్రశ్నలు అడిగేది: "ఇది మీ అమ్మగారు చూస్తుండగా చేస్తారా? దీని ఫొటో మీరే బయట పెడతారా?" మేం ముప్పై పేజీల నిబంధనావళితో సాధించలేనిది ఆ రెండు ప్రశ్నలు సాధించాయి. ఇటుకల స్థానంలో ఏం పెట్టాలో కుర్రాళ్లే తేల్చుకున్నారు. ఒక్కో కొత్త సభ్యుడు ఒక పాత సభ్యుడిని వెతికి పట్టుకుని గంట సేపు మాట్లాడి, ఆ ముచ్చట రాసుకు రావాలి. నన్ను ముగ్గురు పట్టుకున్నారు. ముగ్గురూ ఇటుక గురించే అడిగారు.

మార్కుల విషయంలో పెద్దగా చేయగలిగిందేమీ లేదు. విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప అతని మార్కులు మాకు చూపకూడదని ఫెడరల్ చట్టం ఉంది. సంతకాలు తీసుకున్నాం, చూశాం, నిట్టూర్చాం.

2018 ఆగస్టులో ఫ్రాటర్నిటీల జాతీయ సమాఖ్య తన సభ్య సంఘాల ఇళ్లలో 15 శాతం దాటిన మద్యాన్ని నిషేధిస్తూ తీర్మానించింది. లైసెన్సు ఉన్న బయటి అమ్మకందారు పోస్తే తప్ప కుదరదు, గడువు 2019 సెప్టెంబరు 1. మా కుర్రాళ్లు ఊరికే గొణిగారు గానీ, అతిథుల జాబితా, తలుపు దగ్గర గుర్తింపు కార్డులు, తాగకుండా కాపలా ఉండే వంతులవాళ్లు అప్పటికే అలవాటయ్యారు. ఆ వంతు ఎవరూ ఇష్టపడరు. ప్రెసిడెంటు మొదటి వంతు తానే వేసుకుంటే మిగిలినవాళ్లు నోరు మూసుకున్నారు. ఈ కిటుకు కూడా మేం చెప్పింది కాదు. 2020 సంగతి చెప్పనక్కరలేదు: మార్చిలో ఇల్లు ఖాళీ, అద్దె లేదు, హౌస్ కార్పొరేషన్ పెద్దమనుషులు నెలనెలా జూమ్‌లో ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నారు.

తెలుగు అబ్బాయి పట్టా పుచ్చుకున్న రోజున వాళ్ల అమ్మగారు నాకు పూతరేకుల డబ్బా ఇచ్చింది. ఖమ్మం వాళ్లకు ఆత్రేయపురం పూతరేకులు ఎక్కడివని అడిగితే, డాలస్‌లో దొరకనిదేముంది అన్నయ్యగారూ అంది. వాడు వెళ్లేముందు కొత్త ట్రెజరర్‌కు ఒక కాగితం ఇచ్చాడు. అందులో మొదటి పంక్తి, పెద్ద అక్షరాలతో: ఈ-పోస్టుకార్డు, మే 15. వాడి నాలుగు వరుసల పట్టిక ఇప్పుడు పదకొండు వరుసలు. అందులో నా అందమైన గళ్లు ఒక్కటి కూడా లేవు.

2022 అక్టోబరులో ఒక శనివారం రాత్రి పన్నెండు కావస్తుండగా ఫోను మోగింది. అప్పటి ప్రెసిడెంటు. గొంతు వణుకుతోంది గానీ మాటలు వరుసలో ఉన్నాయి. బయట ఎక్కడో తాగి వచ్చిన ఒక కొత్త కుర్రాడు మెట్ల మీద పడి లేవడం లేదు. 911కు ఫోను చేశాం, అంబులెన్సు వచ్చింది, ఒకడు వాడితో వెళ్లాడు, వాళ్ల అమ్మగారికి చెప్పాం, ఇప్పుడు మీకు చెబుతున్నాను అన్నాడు. ఏం చేయమంటారని అడగలేదు. ఐదేళ్ల క్రితమైతే ముందు నాలాంటివాడికే ఫోను వచ్చేది, నేను అంబులెన్సు గురించి ఆలోచించేలోపు ఒక ఇరవై నిమిషాలు పోయేవి. టెక్సస్‌లో 2011 నుంచి ఒక వెసులుబాటు ఉంది: తాగి ప్రమాదంలో పడ్డ మైనర్ (మద్యం విషయంలో ఇక్కడ ఇరవై ఒకటి నిండనివాళ్లంతా మైనర్లే) కోసం మొదట ఫోను చేసి, అక్కడే ఉండి, వచ్చినవాళ్లకు సహకరిస్తే, ఫోను చేసిన మైనర్ మీద మద్యం కేసు పెట్టరు. ఇది వాళ్లకు ప్రతి సెమిస్టరు మొదట్లో మా నర్సమ్మ చెప్పిస్తుంది. చదివి వినిపించదు, వాళ్లచేతనే చెప్పిస్తుంది.

కారు తీశాను. ఆసుపత్రి చేరేసరికి ఒంటిగంట దాటింది. కుర్రాడు బాగానే ఉన్నాడు, పొద్దున్నకు ఇంటికి పంపుతామన్నారు. తల్లి లోపల ఉంది. ప్రెసిడెంటు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఏదో కొడుతున్నాడు. పక్కన కూర్చుని ఓరగా చూశాను. విశ్వవిద్యాలయానికి పంపే సంఘటన నివేదిక. సగం అయిపోయింది. "తాగింది ఎక్కడో మాకు తెలియదు, తెలియదనే రాస్తున్నాను, సరేనా?" అన్నాడు.

సరే అన్నాను. కాఫీ తెచ్చుకుందామని లేచాను. యంత్రం పనిచేయడం లేదు.